పరుల సాయము – పల్లె ఆరోగ్యము



పేద దేశములలో ప్రజల ప్రాథమికారోగ్యమునకై ధనిక దేశములును, ప్రపంచ సంస్థలును, దానధర్మ సంఘములును చాల కాలముగా ధనము వెచ్చించుచు వచ్చినవి. ఆ ధనమువలన కొన్ని తావులయందు గొప్ప మేలు చేకూరినది. కొన్ని తావులయందు ధనము నిలిచిన మరునాడే పనియు నిలిచిపోయినది. ఒకే విధమైన ద్రవ్యము, ఒకే విధమైన ఔషధము ఒకచోట ఫలించి వేరొకచోట ఫలింపకపోవుటకు కారణమేమి? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కర లేదు. మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమను చోట నూరేండ్లకు పైబడిన చరిత్ర యొకటి కలదు. మదనపల్లె 1911 మొదలు 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిదే. పరదేశీయుల ద్రవ్యముతో ప్రారంభమైన వైద్యము మన పల్లె యింటి గడపను ఎట్లు చేరినదో, చేరుటకు ఎంతకాలము పట్టినదో ఆ చరిత్ర తెలుపుచున్నది. దాని గుణమును, దోషమును రెండింటిని ఎరిగినవారికి తక్కిన ప్రపంచపు అనుభవమును సులభముగ బోధపడును.

మొదట ప్రాథమికారోగ్యమనగా నేమో చెప్పికొందము. అది చిన్న ఆసుపత్రి యని పలువురు తలంతురు. అంతమాత్రము కాదు. జబ్బుపడినవాడు మొట్టమొదట తలుపు తట్టదగిన చోటు, జబ్బు రాకుండ చేయు ఏర్పాటు, మంచినీరు, చాలినంత తిండి, తల్లికి సుఖప్రసవము, బిడ్డకు టీకాలు, నిత్యము వలసిన మందుల సరఫరా – ఇవి యన్నియు దానిలోనివే. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1946లో సమర్పించిన నివేదికలో, మొదటి మెట్టుగా ప్రతి నలువదివేల జనమునకును ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నెలకొల్పవలెనని సూచించెను. ముప్పది రెండేండ్ల పిమ్మట, 1978 సెప్టెంబరులో, నాటి సోవియట్ రాజ్యములోని ఆల్మా ఆటా నగరమున 134 దేశముల ప్రతినిధులు సమావేశమై, ప్రజలు తామే పాలుపంచుకొను ప్రాథమిక వైద్యమే అందరి ఆరోగ్యమునకు మార్గమని ప్రకటించిరి. భోర్ సంఘము చెప్పినదియు, ఆల్మా ఆటా చాటినదియు మదనపల్లె ప్రాంతమున అనుభవముచేత క్రమక్రమముగా తేలినవి.

ఇరువదవ శతాబ్దారంభమున క్షయవ్యాధికి మందు లేదు. రోగికి విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారము – ఇవియే చికిత్స. కొందరికి రొమ్ములోనికి గాలి నెక్కించి, చెడిన ఊపిరితిత్తికి కదలికలేకుండ చేయుచుండిరి. ఇట్టి చికిత్సకు ఊరికి ఎడముగా, ఎత్తైన ప్రదేశమున కట్టిన ఆశ్రమమువంటి వైద్యశాల కావలెను. దానినే శానటోరియమందురు. దక్షిణ దేశమున పనిచేయుచున్న పలు క్రైస్తవ మిషను సంఘములు తమ భేదములను పక్కకు పెట్టి, కలిసి యొక శానటోరియము కట్టవలెనని నిశ్చయించుకొనినవి. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న మదనపల్లె అందులకు తగిన చోటుగా తోచెను. 1912లో పని మొదలయ్యెను. 1915లో నేటి స్థలమున శానటోరియము తెరవబడెను. డెన్మార్కు దేశస్థుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి అధికారి. ఆ చోటికి ఆరోగ్యవరమను పేరు పెట్టిరి.

ఈ సంస్థ చేసిన మేలును తక్కువ చేసి చెప్పరాదు. క్షయరోగి ననగా బంధువులును జడిసి దూరముగ నుంచు కాలమున, అతనికి పడకనిచ్చి, పేరుతో పిలిచి, ఆశ కల్పించిన చోటది. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఈ సంస్థ మన దేశపు వైద్యులకు క్షయచికిత్సలో శిక్షణ నిచ్చెను. మోలర్ తరువాత ఆ బాధ్యత భారతీయుడగు డాక్టరు పి. వి. బెంజమిన్ చేతికి వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట భారత ప్రభుత్వము క్షయవ్యాధి విషయమున సలహాదారుగా ఎన్నుకొనినది ఆయననే. అనగా పరదేశపు ధనము ఇచట గోడలను మాత్రమే కాక మనుష్యులను తయారుచేసినది. సాయము చేయువారు తమ స్థానమును స్థానికునికి విడిచి పోగలిగిరేని ఆ సాయము పండినట్లే.

అయినను శానటోరియమునకు ఒక హద్దు కలదు. ఎన్ని పడకలు వేసినను వందలే గాని లక్షలు కావు. దేశములోని రోగులో లక్షలసంఖ్యలో నుండిరి. పడక దొరికినవాడు నెలల తరబడి కొలువును, సేద్యమును, ఆలుబిడ్డలను విడిచి యుండవలెను. ఆరుమాసములు ఇల్లు విడిచి పోగలిగిన కూలివాడెవడు? అట్లు పోయినచో అతని యింట పొయ్యి రాజునా? చికిత్స ఎంత మంచిదైనను, పేదవాని బ్రతుకుతీరునకు అతుకనిచో అది అతనికి లేనట్లే. ఈ సత్యమును ఆరోగ్యవరపు వైద్యులే ముందుగ గుర్తించిరి. గుర్తించి, ఆవరణ దాటి పల్లెలలోనికి నడిచిరి.

1948లో భారత ప్రభుత్వము బి.సి.జి. టీకాను కొలదిపాటిగా, గట్టి పర్యవేక్షణలో ప్రవేశపెట్టుటకు నిశ్చయించెను. మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో టీకామందు తయారుచేయు ప్రయోగశాల ఏర్పడెను. ఆ సంవత్సరమే మదనపల్లెలో టీకాలు వేయుట ఆరంభమయ్యెను. డెన్మార్కు, నార్వే, స్వీడను దేశముల సేవాసంఘములును, యునిసెఫ్ సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు దీనికి తోడ్పడినవి. 1951 నుండి దేశమంతట బి.సి.జి. ఉద్యమము సాగెను. పాఠశాలలలో పిల్లలను వరుసగా నిలిపి, మొదట పరీక్షసూది, పిదప టీకాసూది వేయుచు, దళములు ఊరూర తిరిగినవి.

అప్పుడొక గట్టి ఆక్షేపణ బయలుదేరెను. 1955లో మదరాసు రాష్ట్రమున చక్రవర్తి రాజగోపాలాచారిగారు ఈ ఉద్యమమును బహిరంగముగ ఎదిరించిరి. గుణము రుజువు కాని మందును లక్షలమంది పిల్లలకు వేయరాదనియు, తల్లిదండ్రుల సమ్మతి లేక వేయరాదనియు వారి వాదము. నాటి వైద్యులలో పెక్కుమంది దానిని మూఢత్వముగ తలంచిరి. నేడు వెనుదిరిగి చూచినచో, టీకా వలన కీడు కలుగునను వారి భయములు నిలువలేదు. కాని గుణమెంతయో సరిగా కొలిచి చెప్పుడని వారడిగిన ప్రశ్న నిలిచినది. 1968లో మదరాసు సమీపమున చెంగల్పట్టు జిల్లాలో మొదలైన పెద్ద పరిశోధన ఫలితములు పదునొకండేండ్లకు వెలువడినవి. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయనుండి బి.సి.జి. ఆ ప్రాంతమున రక్షణ నీయలేదని తేలెను. అయితే శిశువులకు సోకు మెదడు పొర క్షయవంటి భయంకరరూపముల నుండి ఆ టీకా కాపాడుచున్నదని వేరు పరిశోధనలు రుజువు చేసినవి. కావుననే నేటికిని పుట్టిన బిడ్డకు బి.సి.జి. వేయుచున్నారు; తప్పక వేయించవలెను.

ఇచట తెలిసికొనవలసిన పాఠము రెండు పాళ్లు. దేశమంతట ఒక పనికి పూనుకొనునప్పుడు దాని ఫలము నెవరో కొలుచుచుండవలెను; కొలిచినది ఇష్టమైనను కాకున్నను చెప్పవలెను. రెండవది, ప్రజల యనుమానమును అజ్ఞానమని త్రోసివేయరాదు. సూది వేయువాని చేయి చాపుటకు ముందు, నోరు తెరచి తల్లికి విషయము చెప్పవలెను. చెప్పి పొందిన సమ్మతి తరువాతి పదియేండ్ల పనికి పునాది. చెప్పక చేసిన పని, తరువాత వచ్చు మంచి పనికి కూడ అడ్డగోడ.

బి.సి.జి. పనితోపాటు మదనపల్లె ప్రాంతమున మరియొక పని జరిగినది. వార్తలకెక్కనిదైనను నా యుద్దేశములో దానికంటె గొప్పది. మొదటి మోలర్ గారి కుమారుడు డాక్టరు యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వమున 1950 మొదలు మదనపల్లె పట్టణమును, చుట్టుప్రక్కల పల్లెలను ఇల్లిల్లు తిరిగి లెక్క వ్రాసిరి. ప్రతి యింట ఎందరున్నారు, ఎవరు దగ్గుచున్నారు, ఎవరి తెమడలో క్రిములున్నవి అను విషయములను ఏటేట మరల మరల చూచిరి. రోగి తనంతట వచ్చువరకు వేచియుండక, వైద్యుడే వీధిలోనికి పోయి జనమునంతటిని ఒక రోగిగా భావించి పరీక్షించుట అన్నమాట. ఒకసారి చూచి వెడలిపోయిన పరీక్షకు ఈ విలువ రాదు. అదే పల్లెకు, అదే గడపకు మరల పోయినప్పుడే రోగము పెరిగినదో తగ్గినదో తెలియును.

ఈ యనుభవము దేశమునకు ఉపకరించెను. భారత వైద్య పరిశోధనా మండలి 1955 నుండి 1958 వరకు జరిపిన క్షయవ్యాధి సర్వేకు ఆరు మండలములను ఏర్పరచిరి. అందు హైదరాబాదు, మదనపల్లె కూడ చేరినవి. క్షయ పట్టణములలోని ఇరుకు వీధుల జబ్బనియు, పల్లె గాలి నిర్మలము గనుక అచట తక్కువ యనియు అంతవరకు విద్యావంతుల నమ్మకము. సర్వే ఆ నమ్మకమును కూలద్రోసెను. వేయిమందిలో సుమారు పదునైదుగురికి ఊపిరితిత్తులలో చురుకైన క్షయ లక్షణములు కనబడెను. నలుగురైదుగురి తెమడలో క్రిములు కనబడెను. పల్లెకును పట్టణమునకును పెద్ద భేదము లేదు. మన జనములో అత్యధికులు పల్లెవాసులు గనుక, రోగులలో అత్యధికులును పల్లెలలోనే యున్నారన్నమాట. వైద్యశాలలన్నియు పట్టణములలో, రోగమో పల్లెలలో!

ఈ లోపల మందులు వచ్చినవి. స్ట్రెప్టోమైసిన్, పి.ఏ.ఎస్., 1952లో ఐసోనియజిడ్. మందు మ్రింగి రోగి నయము కాగలడేని, అతడు శానటోరియములోనే యేల యుండవలెను? ఈ ప్రశ్నకు సమాధానము మదరాసులో దొరకెను. భారత వైద్య పరిశోధనా మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి కలిసి 1956లో అచట ఒక కేంద్రము నెలకొల్పినవి. పేదవాడలలోని రోగులను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీసిరి. ఒక జట్టు శానటోరియములో, మరియొక జట్టు తమ యింటనే, ఒకే మందు ఒక సంవత్సరము వాడిరి. 1959లో ఫలితములు వెలువడెను. శానటోరియములోనివారిలో నూటికి 92 మందికి, ఇంటనున్నవారిలో నూటికి 86 మందికి జబ్బు అణగెను. ఇంటివారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, నివాసము ఇరుకు. అయినను భేదము స్వల్పము. ఇంటివారివలన వారి కుటుంబములకు అదనముగ రోగము సోకినట్లును కనబడలేదు.

శ్రోతలారా, ఈ చిన్న లెక్కకు ఎంత విలువ యున్నదో యోచింపుడు. దానితో శానటోరియపు గోడలు కూలినంత పని యయ్యెను. లక్షలమంది పేదరోగులకు, పనిపాటలు విడువకుండ, పిల్లలను విడువకుండ, నయమగు మార్గము తెరచుకొనెను. ప్రపంచమంతటి చికిత్సావిధానమే మారిపోయెను. మరియొక విశేషము గమనింపుడు. ధనము పరదేశములనుండి కొంత వచ్చినది, విజ్ఞానము కొంత వచ్చినది. కాని ఆ ప్రశ్న మన దారిద్ర్యములోనుండి పుట్టినది. పడకలు చాలనందువలననే ఇల్లు ఆసుపత్రి కాగలదా యని అడుగవలసి వచ్చెను. బయటినుండి తెచ్చిన సమాధానము కంటె ఇచట పుట్టిన ప్రశ్నకు వెదకిన సమాధానమే లోకమునకంతటికిని పనికివచ్చినది.

1959లో బెంగళూరున జాతీయ క్షయవ్యాధి సంస్థ ఏర్పడెను. ఆ సంస్థవారు సమీపపు తుమకూరు జిల్లాలో రోగులను వెదకి ప్రశ్నించిరి. దగ్గు, జ్వరము ఉన్నట్లు తమకు తెలియునా, తెలిసిన నేమి చేసితిరి అని అడిగిరి. పల్లెరోగి అజ్ఞాని, ఆసుపత్రికి రాడు అని పెద్దల మాట. తేలినది వేరు. రోగులలో పెక్కుమంది తమ జబ్బునకు దిగులు చెందుచునే యుండిరి; సుమారు సగముమంది వైద్యశాలకు పోయియే యుండిరి. అచట వారికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపివేసిరి! రోగి గడప దాటి వచ్చెను గాని వైద్యశాల అతనిని గుర్తింపలేదు. దోషము రోగియందు కాదు, ఏర్పాటునందు. ఈ పరిశోధన ఆధారముగ 1962లో జాతీయ క్షయవ్యాధి పథకమును రూపొందించిరి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రముననే తెమడ పరీక్షయు, మందును ఇయ్యవలెనని దాని సారము.

సారము మంచిది, అమలు సడలెను. మందులు నెలకొకసారి వచ్చిన వచ్చెను, రాకున్న లేదు. సూక్ష్మదర్శిని యున్నచోట చూచువాడు లేడు. చూచువాడున్నచోట సూక్ష్మదర్శిని పాడు. రోగి రెండు నెలలు మందు మ్రింగి, దగ్గు తగ్గగానే మానివేయును. మానిన మూడు నెలలకు జబ్బు మరల తలయెత్తును, ఈ మారు మందునకు లొంగని రూపమున. 1992లో పథకమును సమీక్షించినవారు, మందు పూర్తిచేయువారు సగమైనను లేరని తేల్చిరి. పిమ్మట 1993లో ప్రయోగముగను, 1997 నుండి విస్తృతముగను సవరించిన పథకము మొదలయ్యెను. ప్రపంచ బ్యాంకు అప్పును, మన రాష్ట్రమున బ్రిటిషు ప్రభుత్వ సహాయమును దానికి తోడ్పడెను. ఊరిలోని యొక మనిషి యెదుట రోగి మందు మ్రింగు పద్ధతి వచ్చెను. 2006 నాటికి దేశమంతయు వ్యాపించెను. ఈ పద్ధతివలన మందు సరఫరా కుదుటపడెను, లెక్కలు సక్రమమయ్యెను, పెక్కు ప్రాణములు నిలిచెను. కాని వారమునకు మూడు మారులు కేంద్రమునకు పోవుట కూలిపనివారికి కష్టమయ్యెను. 2017లో అనుదిన మాత్రల పద్ధతికి మారిరి. ఇదియు అదే పాఠము: మందునకు అనుగుణముగ మనిషి మారడు, మనిషికి అనుగుణముగ ఏర్పాటు మారవలెను.

ఈ సందర్భమున మలేరియా కథను కూడ చెప్పకతీరదు, ఏలయన పరుల సాయము ఎంత వేగముగ ఫలించునో, ఎంత వేగముగ కరగునో అది చూపును. 1953లో మలేరియా నివారణ పథకమును, 1958లో నిర్మూలన పథకమును మొదలుపెట్టిరి. అమెరికా సహాయముతో డి.డి.టి. పుష్కలముగ వచ్చెను. ఇంటింట గోడలకు చల్లిరి. అంతకుముందు ఏటేట కోట్లమందిని పట్టి పీడించిన జ్వరము 1965 నాటికి సుమారు లక్షమందికి తగ్గెను. గెలిచితిమనుకొనిరి. కాని దోమలు డి.డి.టి.కి లొంగకపోవుట మొదలయ్యెను. మందు కొరత వచ్చెను. అన్నిటికంటె ముఖ్యముగ, చల్లుడు దళములు లేచిపోయిన చోట జ్వరమును కనిపెట్టియుండుటకు గట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు లేవు. 1976లో దేశమున 64 లక్షల మందికి మలేరియా సోకెను. దండయాత్రతో గెలిచిన కోటను కాపాడుటకు కావలివారు లేకపోయిరి.

మన సీమవారికి దీనిని వేరుగ వివరింపనక్కర లేదు. చిత్తూరు సీమ చెరువుల సీమ. చెరువు త్రవ్వించినవాడు రాజో, జమీందారో, ధర్మాత్ముడో కావచ్చును. కట్టమీద అతని పేర శాసనముండును. కాని ఆ చెరువు నూరేండ్లు నిలుచుటకు కారణము శాసనము కాదు. ఏటేట పూడిక తీయు ఊరివారు, తూముకడ కూర్చుండి మడిమడికి నీరు వంతుగ విడుచు నీరుగంటి, వానకు కట్ట జారునేమోయని రాత్రి లాంతరు పట్టుకొని చూచు కాపు – వీరివలన చెరువు నిలుచును. వీరు మానిన నాడు ఎంతటి దాత త్రవ్వించిన చెరువైనను తుమ్మచెట్ల బీడగును. ఆరోగ్య పథకములు సరిగా ఇట్టివే. దాత చెరువు త్రవ్వును. నీరుగంటి యెవడు? అతని కూలి యెవరిత్తురు? ఈ రెండు ప్రశ్నలు అడుగని పథకము పూడిపోక తప్పదు.

దాతలు ఎక్కువగా కట్టడములనే కోరుదురు. ఇది పరదేశీయుల దోషము మాత్రమే కాదు, మనదియును. కట్టడమునకు పేరు చెక్కవచ్చును. తిరుపతిలోని రుయా ఆసుపత్రి పేరులో దాత పేరు నిలిచి యున్నది. అట్టి దానము స్తుత్యమే. కాని నర్సమ్మ జీతమునకు పలక చెక్కుటెట్లు? ఉపకేంద్రమునకు మందు తెచ్చు బండి డీజిలునకు, తెమడ పరీక్ష చేయు గాజుబిళ్లకు, ఊరూర తిరుగు ఆశా కార్యకర్త భత్యమునకు ఎవరి పేరు పెట్టుదురు? వీనికి పేరు రాదు. కాని ప్రాణము నిలుచునది వీనివలననే. తిరుమలకొండ మెట్లదారిని చలివేంద్రము పెట్టువారెరుగుదురు: కుండ పెట్టుట ఒకనాటి పని, నీరు పోయుట ప్రతిదినపు పని.

పరుల సాయము హఠాత్తుగ నిలిచిన ఏమగునో 2025లో ప్రపంచమంతయు చూచినది. ఆ యేడు జనవరిలో అమెరికా ప్రభుత్వము విదేశ సహాయమును ఉన్నపళముగ నిలిపెను. జూలై 1 నాటికి దాని సహాయ సంస్థయే మూతపడెను. ఆఫ్రికాలోని పెక్కు దేశములలో ఎయిడ్స్, క్షయ, మలేరియా వైద్యము చేయు కేంద్రములు తలుపులు మూసికొనవలసి వచ్చెను. జీతములు తమ ప్రభుత్వ ఖజానానుండి ఇచ్చుకొనుచుండిన చోట్ల పని కుంటుచునైనను సాగెను. జీతములు సైతము దాత చేతినుండి వచ్చుచుండిన చోట్ల నిలిచిపోయెను. ఆరోగ్యవరపు తొలి పాఠమే మరియొక ఖండమున మరల కనబడెను.

ఇక నేటి మన సీమ సంగతి. క్షయ నింకను మనము జయింపలేదు. 2025 నాటికి దేశమునుండి దానిని తొలగింపవలెనని పెట్టుకొనిన గడువు దాటిపోయినది. పల్లెలో ఆశా కార్యకర్త యున్నది, మాత్రలు ఉచితము. 2018 ఏప్రిలు నుండి రోగి పోషణకై నెలకు 500 రూపాయలు ప్రభుత్వము నేరుగ అతని ఖాతాలో వేయుచు వచ్చెను. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలకు పెంచిరి. తిండికిని క్షయకును గల సంబంధమును 2023లో వెలువడిన ఝార్ఖండు పరిశోధన రుజువు చేసినది: రోగి కుటుంబమునకు నెలనెల అదనపు ఆహారమిచ్చిన చోట్ల ఇంటివారికి కొత్తగ జబ్బు సోకుట సుమారు నలువది శాతము తగ్గెను. మందు రోగిని నయము చేయును. తిండి అతని పిల్లలను కాపాడును.

మన ప్రాంతపు చిక్కు వేరొకటి. చిత్తూరు, కుప్పము, పలమనేరు, మదనపల్లె తాలూకాల కూలీలు పనికై బెంగళూరునకును, చెన్నపట్టణమునకును పోవుచుందురు. ఒక తాపీ పనివానికి ఊరిలో జబ్బు పట్టుబడినది. రెండు నెలలు మాత్రలు మ్రింగెను. దగ్గు తగ్గెను, బరువు పెరిగెను. మేస్త్రి పిలిచెను, బండి యెక్కెను. మూడవ నెల మాత్ర యెవరిచ్చెదరు? ఏ రాష్ట్రమున నైనను మందు పొందవచ్చునని నియమమున్నది. కాని ఆ సంగతి అతనికి చెప్పినదెవరు, అక్కడి కేంద్రమునకు కబురంపినదెవరు? అతని ప్రాణమును, అతనితో ఒకే రేకుల షెడ్డులో పండుకొను పదిమంది ప్రాణమును ఈ చిన్న కబురుమీద ఆధారపడి యున్నవి. ఈ కబురు పంపుటకు కోట్లు అక్కర లేదు. అతని పేరెరిగిన ఆరోగ్య కార్యకర్త యొకతె చాలును.

కావున ఎవరైనను – పరదేశపు సంస్థ కానిండు, ప్రభుత్వము కానిండు, మన ఊరి ధర్మాత్ముడు కానిండు – గ్రామారోగ్యమునకు ధనమిత్తుమని వచ్చినప్పుడు పంచాయతీ పెద్దలు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఈ పని మా యింటి గడపవరకు వచ్చునా, లేక మేమే దాని గడపకు పోవలెనా? మా వారిలో ఎవరికి ఈ పని నేర్పెదరు? ఫలమును ఎవరు కొలిచెదరు, కొలిచినది మాకు చెప్పెదరా? మీ ధనము ముగిసిన మరునాడు జీతమును, మందును ఎవరిత్తురు? ఈ నాలుగింటికి సరియైన సమాధానము దొరికినచో ఆ సాయమును రెండు చేతులతో అందికొనుడు. నాలుగవదానికి సమాధానము లేనిచో, దాతకు నమస్కరించి, ముందా సంగతి తేల్చుడని చెప్పుడు. సాయము కోరువానికి ప్రశ్నించు హక్కు లేదనుకొనరాదు. ప్రశ్నించినవారి ఊరనే సాయము నిలిచినది.

శ్రోతలు తమ వంతుగ చేయదగినవి మూడు కలవు. ఇంటిలో ఎవరికైనను రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో దగ్గు మందు సీసాతో తృప్తిపడక సమీపపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి తెమడ పరీక్ష చేయించుడు. మందు మొదలుపెట్టినచో, దగ్గు తగ్గినను, వైద్యుడు చాలునను వరకు, అనగా సాధారణముగ ఆరునెలలు, ఒక్క దినమును మానకుడు. వీధిలో ఆశా కార్యకర్త వచ్చినప్పుడు వాకిట నిలువనీక పంపివేయక, కూర్చుండబెట్టి మాటలాడుడు. దాతలు త్రవ్వించిన చెరువునకు నేటి నీరుగంటి ఆమెయే.

ఆరోగ్యవరపు కొండగాలికై ఒకప్పుడు రోగులు దూరదేశములనుండి రైళ్లలో వచ్చిరి. ఆ గాలిని పల్లెపల్లెకు మోసికొని పోలేమని తెలిసిన పిమ్మట వైద్యులు మందును, మనుష్యులను పంపిరి. నూరేండ్ల యనుభవమున ఈ యొక్క మార్పే అన్నిటికంటె విలువైనది.